ఒక్క అప్‌డేట్... అమ్మ కొలతలన్నీ గోవిందా!

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు, కనుమ రోజు రాత్రి ఓ బటన్ నొక్కాను. ఆ నొక్కుడు ఖరీదు 4,500 రూపాయలు, దాంతోపాటు మా అమ్మ వారం రోజుల నిద్ర.

అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొలతలన్నీ మొదట్నుంచీ ఓ లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేది. పొడవు, ఛాతీ, నడుము, చెయ్యి లూజు, ముందు మెడ, వెనక మెడ... అన్నీ తనకు మాత్రమే అర్థమయ్యే గుర్తుల్లో. ‘ఇంకా ఈ పుస్తకాలేంటమ్మా’ అని మూడేళ్ల కిందట నేనే ఓ ట్యాబ్ కొనిచ్చాను. కొలతలన్నీ నోట్స్ యాప్‌లోకి ఎక్కించి, పేరు కొడితే వచ్చేలా చేసిచ్చాను. కస్టమర్లు ఎంచుకున్న మగ్గం వర్క్ డిజైన్ల ఫొటోలూ అందులోనే. పాత నోట్‌బుక్కులు పాత పేపర్లతో పాటు తూకానికి పోయాయి. వాటిని మోసుకెళ్లి ఇచ్చొచ్చింది కూడా నేనే.

ఆ రాత్రి ట్యాబ్ మీద ‘సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉంది’ అని కనపడింది. రెండు నెలల నుంచీ వస్తూనే ఉందట. అమ్మ ప్రతిసారీ పక్కకి నెట్టేస్తోంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్న కొడుకుని కదా, ఊరుకుంటానా! ఛార్జింగ్ 40 శాతం ఉంది. కుట్టుమిషన్ పక్కన ప్లగ్గుకి తగిలించి, ‘ఇన్‌స్టాల్’ నొక్కి, వెళ్లి పడుకున్నాను.

పదకొండింటికి అమ్మ లైట్లు తీసేస్తూ ఆ స్విచ్ కూడా కట్టేసింది. తన తప్పేం లేదు, రోజూ చేసే పనే. ముసలి బ్యాటరీ కదా, అప్‌డేట్ మధ్యలోనే ప్రాణం వదిలేసింది. పొద్దున్నే లేచి ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వస్తోంది, ఆరిపోతోంది. మళ్లీ వస్తోంది, మళ్లీ ఆరిపోతోంది.

బజార్లో ఫోన్లు బాగుచేసే కుర్రాడు చూసి, ‘కొత్తగా సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా. లోపలున్నదంతా పోద్ది. ఓకేనా?’ అన్నాడు. బ్యాకప్ ఉండే ఉంటుందిలే అనుకుని తలూపాను. ఇంటికొచ్చి అమ్మ అకౌంట్‌తో లాగిన్ అయితే ఖాళీ. నెట్ అయిపోతోందని సింక్ ఎప్పుడో ఆపేసుకుందట.

‘కొలతలన్నీ పోయినయ్యా?’ అని ఒక్కమాటే అడిగింది అమ్మ. తిట్టినా బాగుండేది.

ఇలా పోయిన డేటాని ఏదో సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీయొచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ ఆ రాత్రంతా వెతికాను. కానీ ఇప్పటి ఫోన్లు, ట్యాబ్‌లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అంటే తాళం వేసిన బీరువా అనుకోండి. మొత్తం చెరిపేసి రీసెట్ చేసినప్పుడు ఆ తాళంచెవి కూడా పోతుంది. దొంగ చేతిలో పడిన ఫోన్‌కి అదే రక్ష. మనకి మాత్రం అదే శిక్ష.

అసలు అప్‌డేట్ మధ్యలో ఆగినా ఫోన్ చావకుండా ఓ ఏర్పాటు ఉంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7తో గూగుల్ దాన్ని తెచ్చింది. సిస్టమ్‌కి రెండు అరలుంటాయి. మీరు ఒక అరలో ఉన్న సిస్టమ్‌తో ఫోన్ వాడుకుంటుంటే, కొత్తది వెనకాల రెండో అరలోకి ఎక్కుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు కొత్త అర తెరుచుకోకపోతే పాత అరతోనే ఫోన్ లేస్తుంది. మంచి ఏర్పాటే. కానీ అది పెట్టి తీరాలన్న నిబంధన చాలా ఏళ్లపాటు లేకపోవడంతో ఎన్నో ఫోన్లు, ట్యాబ్‌లు అది లేకుండానే వచ్చాయి. నేను ఆఫర్‌లో కొన్న 32 జీబీ ట్యాబ్ కూడా ఆ బాపతే.

ఇదంతా విని ‘అయితే అప్‌డేట్ జోలికే పోం బాబోయ్’ అనకండి. తెలుగువాళ్లం అసలు అనకూడదు. కాలేజీలో నా మొదటి ఫోన్‌లో తెలుగు మెసేజ్ వస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడ, మలయాళాలకి సిస్టమ్‌లోనే చోటు దొరికింది. ఆ అప్‌డేట్ రాని ఫోన్ ఉన్నవాళ్లు డబ్బాలే చదువుకోవాల్సి వచ్చింది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి జరిగింది ఇంకా తమాషా. మన ‘జ్ఞా’ ప్రపంచంలోని ఐఫోన్లని పడగొట్టింది! మనం మామూలుగా కొట్టే జ్ఞానం కాదులెండి. ఆ అక్షరం మధ్యలో కంటికి కనపడని ఓ గుర్తు ఇరికించిన కూర్పు. అది మెసేజ్‌లో వస్తే యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ఐప్యాడ్లు, మ్యాక్‌లు కూడా తప్పించుకోలేదు. సరదా కోసం ఒకరికొకరు పంపుకున్నవాళ్లకి కొదవ లేదు. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేశాకే ఆ గొడవ సద్దుమణిగింది. ఎవరైనా ఆకతాయి ఆ అక్షరం పంపితే, అప్‌డేట్ చేసుకున్నవాడు నవ్వాడు, చేసుకోనివాడు ఏడ్చాడు.

అది ఆటపట్టించడం. 2015లో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ లోపం అలాంటిది కాదు. ఒక్క వీడియో మెసేజ్ పంపి ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి చొరబడే వీలుండేది. ఆ గొడవ తర్వాతే గూగుల్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్తే ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర ఆ ప్యాచ్ తేదీ కనిపిస్తుంది. ఇది చదవడం ఆపి ఒక్కసారి చూడండి. అది ఏడాది కిందటిదైతే, అందులోనే మీ యూపీఐ కూడా ఉందని గుర్తుంచుకోండి.

అందుకే నేనిప్పుడు రెండు రకాల అప్‌డేట్లని వేరువేరుగా చూస్తాను. నెలవారీ ప్యాచ్ వస్తే ఆలోచించకుండా వేసేస్తాను. వెర్షన్ మారే పెద్ద అప్‌గ్రేడ్‌ని మాత్రం రెండు మూడు వారాలు ఆపుతాను. ఆలోగా లోపాలేమైనా ఉంటే జనం మొత్తుకుంటారు, కంపెనీ సరిచేస్తుంది. పెద్ద అప్‌గ్రేడ్ చేశాక వెనక్కి రావడం కష్టం. ఆండ్రాయిడ్‌లో పాత వెర్షన్‌కి దిగాలంటే సాధారణంగా ఫోన్ మొత్తం చెరిపేయాల్సిందే. ఐఫోన్‌లోనైతే కొత్తది వచ్చిన కొద్దిరోజులకే పాతదాన్ని ఎక్కించనివ్వదు యాపిల్. ఇంకో మాట. అప్‌డేట్ అనేది సెట్టింగ్స్‌లోంచే రావాలి. వాట్సాప్‌లో ఎవడో పంపిన ఏపీకే ఫైల్ అప్‌డేట్ కాదు, ఉచ్చు.

ఇక బ్యాకప్. ఆన్‌లో ఉందనుకోవడం వేరు, ఉందో లేదో చూడటం వేరు. వేరే ఫోన్‌లో మీ అకౌంట్ తెరిచి, నిన్నటి ఫొటో కనిపిస్తేనే నమ్మండి. ఈ పని నేను కనుమ నాడు చేసుంటే రెండు నిమిషాలు పట్టేది.

పరిస్థితి ఎంతవరకు వచ్చిందంటే, మాఘమాసం ముహూర్తాలకి అమ్మ చేతిలో పద్నాలుగు జాకెట్లున్నాయి. ఊళ్లోవాళ్ల దగ్గరికి అమ్మే వెళ్లి ఆది జాకెట్లు అడిగి తెచ్చుకుంది. ‘కొలతలు పోయాయండీ’ అని ఒక్కో గుమ్మంలో చెప్తుంటే పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఒక పెళ్లికూతురు మాత్రం బెంగళూరులో ఉంది, పెళ్లికి రెండు రోజుల ముందుగానీ రాదు. ఆది జాకెట్ కూడా ఇవ్వలేదు. అమ్మ కళ్లంచనాతో కత్తిరించి, కుట్టు లోపల బట్ట ఎక్కువ వదిలి, పెళ్లి ముందురోజు రాత్రి వాళ్లింటికి వెళ్లి సరిచేసింది. నడుము కుదిరింది. చేతులు కుదర్లేదు. అక్కడంతా మగ్గం వర్క్, విప్పడానికి లేదు. ఆ పిల్ల వేరే జాకెట్‌తో పీటల మీద కూర్చుంది. వర్క్‌కి తీసుకున్న 4,500 అమ్మ తిరిగిచ్చేసింది.

ట్యాబ్ ఇప్పుడు బానే పనిచేస్తోంది. బ్యాకప్ పెట్టాను, వారానికోసారి హైదరాబాద్ నుంచే చూస్తున్నాను. అమ్మ మాత్రం కొత్త లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుంది. ముందు అందులో రాస్తుంది, తర్వాతే ట్యాబ్‌లో. నిన్న ఫోన్ చేసి, ‘మళ్లీ అప్‌డేట్ అని చూపిస్తోంది నాన్నా’ అంది. సెక్యూరిటీ ప్యాచేనమ్మా, ఛార్జింగ్ ఫుల్‌గా పెట్టి నొక్కెయ్ అన్నాను.

‘నువ్వొచ్చాక చూద్దాంలే. ఆ స్విచ్ దగ్గర నువ్వే కూర్చుందువుగాని’ అని పెట్టేసింది.