తాతగారి ప్రెస్సు, మనుమడి తూటా

అమెరికాలోని వేటగాండ్ర కుటుంబాలలో పెద్దవారు గతించినప్పుడు ఇల్లూ, పొలమూ, తుపాకులతో పాటు మరొక వస్తువు కూడా ఒక్కొక్కసారి వారసులకు సంక్రమిస్తూ ఉంటుంది. గ్యారేజీలో ఒక మూల, బల్ల అంచుకు బోల్టులతో బిగించి, దుమ్ము కొట్టుకొని ఉండే బరువైన ఇనుప యంత్రమది. పైన గుండ్రని రంధ్రం, పక్కన పొడుగాటి చేతిపిడి, నడుమ పైకీ కిందికీ జారే ఉక్కు కడ్డీ. తెలియనివారికి అది జంతికల గొట్టానికి పెద్దన్నలా కనిపించినా ఆశ్చర్యం లేదు. కాల్చిన తూటాలను ఇంటివద్దనే మళ్ళీ నింపుకొనేందుకు వాడే ప్రెస్సు అది.

తాత ఆ ప్రెస్సు మీద జీవితమంతా ఒకే రకం తూటాలను నింపి ఉంటాడు. మనుమడి చేతిలోని తుపాకి వేరు, దాని కాలిబర్ వేరు. అటువంటప్పుడు ఈ యంత్రాన్ని పాత ఇనుము కింద అమ్మివేయవలసిందేనా? అక్కరలేదు. అక్కరలేకపోవడానికి కారణం ఒక మరచుట్టు కొలత, ఒక తూటా అడుగు కొలత. అయితే ప్రెస్సుతో పాటు సంక్రమించిన వస్తువులన్నిటినీ అదే ధీమాతో స్వీకరించరాదు.

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేలినప్పుడు గుండు ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. మిగిలేది తొడుగు ఒక్కటే. నాలుగింటిలో సాధారణంగా ఎక్కువ ఖరీదైనది కూడా అదే. పేలుడు ఒత్తిడికి అది కొద్దిగా ఉబ్బి తుపాకి గొట్టం లోపలి గోడలకు అంటుకుంటుంది. ఆ ఉబ్బును తగ్గించి మొదటి కొలతకు తెస్తే మళ్ళీ వాడుకోవచ్చు. ప్రెస్సు చేసే పని అదే. ఉక్కు కడ్డీ కొనన ఉండే షెల్ హోల్డర్ అనే చిన్న బిళ్ళ తొడుగు అంచును పట్టుకుంటుంది. చేతిపిడిని కిందికి లాగగానే కడ్డీ పైకి లేచి, తొడుగును పై రంధ్రంలో బిగించిన డై లోనికి నెడుతుంది. ఒక్క ఊపులో తొడుగు సరియైన కొలతకు కుదించుకుంటుంది, పాత ప్రైమర్ ఊడి పడుతుంది. ఆ ఊపుకు ముందు తొడుగుకు పలుచగా గొర్రె ఉన్ని కొవ్వు వంటి జిడ్డు పూయడం మరచిపోతే మాత్రం అది డైలో ఇరుక్కుపోతుంది. దానిని బయటికి తీయడానికి ఒక పూట పడుతుంది.

ఈ పరిశ్రమ చరిత్రలో ప్రసిద్ధమైన పేరు ఫ్రెడ్ హంటింగ్టన్. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వేటగాండ్రకు మంచి గుండ్లు దొరకని రోజులలో, 1943లో, కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణంలో ఆయన పని ఆరంభించాడు. కాల్చి పారవేసిన .22 తూటాల ఖాళీ తొడుగులనే గుండ్లకు పైపొరగా మలిచే డైలను ఆయన తయారుచేశాడు. అమెరికా పడమటి ప్రాంతపు రాళ్ళలో నివసించే 'రాక్ చక్' అనే జంతువును వేటాడేవారికి ఆ గుండ్లు ఎంతో నచ్చాయి. 'రాక్ చక్ బులెట్ స్వేజ్' అన్న మాటలలోని తొలి అక్షరాలే ఆర్.సీ.బీ.ఎస్. అన్న కంపెనీ పేరయ్యాయి. వారసులకు దక్కే ప్రెస్సులలో అనేకం ఆ కంపెనీవే, లేదా లైమన్, పసిఫిక్ వంటి ఇతర కంపెనీలవి.

ఇన్ని కంపెనీలున్నా డైని బిగించే రంధ్రం విషయంలో మాత్రం అవన్నీ ఒక దారికి వచ్చాయి. అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల వ్యాసం, అంగుళానికి 14 మరచుట్లు—ఇదే అందరూ అంగీకరించిన కొలత. అందువల్ల అర్ధ శతాబ్దం నాటి ప్రెస్సులో నిన్న మొన్న తయారైన డై నిక్షేపంగా బిగుస్తుంది. కాలిబర్ మారినప్పుడు మారవలసింది డైలు, అవసరమైతే షెల్ హోల్డర్. యంత్రం ఉన్నచోటనే ఉంటుంది.

షెల్ హోల్డర్ కథ ఇంకా చిత్రమైనది. కాలిబర్ అంటే స్థూలంగా తుపాకి గొట్టం లోపలి వ్యాసం. మన దేశంలో పోలీసుల భుజాన దశాబ్దాల తరబడి కనిపించిన 'త్రీ నాట్ త్రీ' పేరులో ఉన్నది 0.303 అంగుళాల కొలతే. కాని షెల్ హోల్డరుకు గొట్టం వ్యాసంతో పని లేదు. అది పట్టుకునేది తూటా అడుగును. 1888లో జర్మన్ సైన్యం స్వీకరించిన తూటా అడుగు సుమారు 0.473 అంగుళాలు, అంటే దాదాపు 12 మిల్లీమీటర్లు. అమెరికా సైన్యం 1906లో స్వీకరించిన .30-06 తూటాకు అదే కొలత వచ్చింది. 1925 నాటి .270 విన్చెస్టర్, 1952 నాటి .308, 1955 నాటి .243, చివరకు 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్—అన్నిటికీ అదే అడుగు. తాత .30-06 నింపినవాడై, మనుమడు 6.5 క్రీడ్‌మూర్ వాడేవాడైతే, తాత నాటి షెల్ హోల్డర్ కూడా యథాతథంగా పనికివస్తుంది. కొనవలసింది కొత్త డైల జత మాత్రమే.

యంత్రాన్ని బాగుచేయడం పెద్ద విద్య కాదు. గడ్డకట్టిన పాత గ్రీజును కిరసనాయిలుతో కరిగించాలి, తుప్పును ఉక్కు పీచుతో రుద్ది తీయాలి, కడ్డీకి పలుచగా నూనె పూయాలి. పోత ఇనుములో ఎక్కడైనా బీట ఉందేమో వెలుతురులో చూడాలి. ఉంటే ఆ యంత్రానికి సెలవే. కడ్డీ అటూ ఇటూ మరీ ఊగిసలాడుతున్నా తూటాలు వంకర తిరుగుతాయి. పాత ప్రైమర్ల నుండి రాలే మసిలో సీసం ఉంటుంది కనుక పని ముగియగానే చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టరాదు.

ఇదంతా అమెరికా మాట. మన దేశంలో ఇటువంటి ప్రెస్సును ఎవరైనా మేనమామ సామాన్లలో కనుగొన్నా సంతోషించడానికి లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం తూటా భాగాలనే కాక తూటాలు తయారుచేసే యంత్ర సామగ్రిని కూడా 'మందుగుండు' అన్న నిర్వచనంలోనే చేర్చింది. లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. అక్కడ గ్యారేజీ అలంకారమైనది ఇక్కడ కేసు కాగలదు.

అమెరికాలోనైనా, చట్టం అనుమతించిన ఈ పనిలో ప్రాణాపాయం లేకపోలేదు. అయితే ఆ అపాయం బల్లకు బిగించిన ఇనుములో కంటె ఎక్కువగా బల్ల కింది అరలో ఉంటుంది. అక్కడ తాత వదిలివెళ్ళిన మందు డబ్బాలు ఉంటాయి. పొగరాని మందుకు ప్రధాన ద్రవ్యం నైట్రో సెల్యులోజ్. అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లాన్ని అణచిపెట్టేందుకు కలిపిన ద్రవ్యం కాలక్రమాన ఖర్చయిపోతుంది. మూత తీయగానే ఘాటైన పుల్లని వాసన, లోపల ఎర్రని ధూళి, తుప్పు పట్టిన రేకు కనిపిస్తే ఆ డబ్బాను దాచుకోరాదు. వాసన లేకపోయినా పై చీటీ ఊడిపోయి ఉంటే దానినీ నమ్మరాదు. పిస్తోలు కోసం చేసిన వేగంగా మండే మందు, రైఫిల్ కోసం చేసిన నిదానంగా మండే మందు కంటికి ఒక్క తీరుగా ఉండవచ్చు. మొదటిది రెండవదాని పరిమాణంలో రైఫిల్ తూటాలో పడితే తుపాకి బద్దలవుతుంది. కన్నో చెయ్యో పోతుంది.

తొడుగులతోనూ పేచీ ఉంది. ఒకే షెల్ హోల్డరుకు పట్టే తూటాలు ఒకదాని నుండి ఒకటి పుట్టినవి కావచ్చు. .223 తొడుగును కత్తిరించి చేసే .300 బ్లాకౌట్ తూటా, పొరపాటున .223 తుపాకిలో దూరి పేలిన సందర్భాలలో తుపాకులు పగిలిపోయాయి. అందుకే అనుభవజ్ఞులు ఒక కాలిబర్ పని ముగించి, బల్ల ఖాళీ చేసిన తరువాతనే రెండవదాని డబ్బా తెరుస్తారు.

ఇక మిగిలింది తాతగారి నోటు పుస్తకం. ఏ గుండుకు ఎన్ని గ్రెయిన్ల మందు—గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు—ఏ రోజున ఏ జింక పడింది, అన్నీ పెన్సిలుతో రాసి ఉంటాయి. వారసుడు మిక్కిలి ప్రేమించే వస్తువు అదే, మిక్కిలి జాగ్రత్త పడవలసిన వస్తువూ అదే. కాలిబర్ మారినప్పుడు ఆ అంకెలు చెల్లవన్నది తెలిసిన సంగతే. కాలిబర్ మారకపోయినా చెల్లకపోవచ్చు. బ్రూస్ హాడ్జన్ అనే వ్యాపారి యుద్ధంలో మిగిలిపోయిన మందును చౌకగా కొని '4831' అన్న అంకెతో అమ్మాడు. తరువాత 1970 దశకంలో డ్యూపాంట్ కంపెనీ అదే అంకెతో మరొక మందును విడుదల చేసింది. రెండవది మొదటిదాని కంటె వేగంగా మండుతుంది. తాత పుస్తకంలో '4831' అని మాత్రమే ఉంటే అది ఏ 4831 అన్నది ఆయనకే తెలియాలి. తెలిసిన మనుమడు ఆ పుస్తకాన్ని బీరువాలో భద్రపరచి, ప్రెస్సు పక్కన మాత్రం మందు తయారీదారు ప్రచురించిన తాజా పట్టికను ఉంచుకుంటాడు.