ఒక్కసారి ఒక్కటే మార్చి చూడండి

కొత్త రకం డాగ్‌ఫుడ్ ఇంటికి వచ్చిన రోజు కుక్క గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది. పగలంతా ఊరుకున్నా రాత్రికి మనసొప్పక అందులో కాస్త చికెన్ ఉడికించిన నీళ్లు కలుపుతారు. మర్నాడు పెరుగన్నం, ఆ మర్నాడు గుడ్డు, మధ్యమధ్య బిస్కట్లు. నాలుగో రోజుకి విరేచనాలు పట్టుకుంటాయి. కొత్త తిండి పడలేదని తేల్చేసి ఆ సంచీని అటక మీద పడేస్తారు. అదే ఇంటి మిద్దె మీద టొమాటో ఆకులు పసుపుబారితే ఒకరోజు వర్మీకంపోస్టు వేస్తారు, రెండో రోజు వేపనూనె కొడతారు, మూడో రోజు కుండీని నీడకు జరిపి నీళ్లు పెంచుతారు. మొక్క కోలుకుంటే వేపనూనెకు పేరు, చచ్చిపోతే నర్సరీవాళ్లకు తిట్లు. రెండుచోట్లా అసలు కారణం ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు. చేసి చూసి నేర్చుకోవడమంటే రకరకాలుగా చేయడమేనని అనుకుంటున్నాం. చేసినదానికి జవాబు వచ్చేదాకా ఆగడం అందులో సగం పని. ఒక్కసారి ఒక్కటే మార్చి, ఫలితం కనపడేవరకు మిగతావేవీ కదపకుండా ఉంటే తప్ప ఇంటి ప్రయోగం మనకేమీ నేర్పదన్నది ఈ కథనం చెప్పదలచుకున్న మాట.

తిండికి పేచీ పెడుతోందని కుక్క మీద ముద్ర వేసేముందు దాని ఒంట్లో బాగుందో లేదో తెలుసుకోవాలి. నిన్నటిదాకా గిన్నె నాకేసిన కుక్క ఉన్నట్టుండి మానేసిందంటే పంటినొప్పి కావచ్చు, కిడ్నీ జబ్బు కావచ్చు. మన ప్రాంతంలో అయితే ముందుగా అనుమానించాల్సింది గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్. ఎర్లికియా, బబీసియా అనే సూక్ష్మజీవులు రక్తంలో చేరితే తొలి లక్షణాల్లో ఒకటి ఆకలి మందగించడం. రక్తపరీక్షలో తేలాల్సిన జబ్బుకి వంటింట్లో వెతుక్కుంటే విలువైన రోజులు పోతాయి. ఆరోగ్యం బాగుందని డాక్టరు చెప్పాక మిగిలేది అలవాటు. ఆ అలవాటు చాలావరకు మనం నేర్పిందే. గిన్నె వదిలేస్తే అరగంటలో ఇంకాస్త రుచైనది వస్తుందని రెండుసార్లు తేలితే, మూడోసారి నుంచి కుక్క ఆ మంచి ముద్ద కోసమే కాచుక్కూర్చుంటుంది. పశువైద్యులు సాధారణంగా చెప్పే పద్ధతి ఇది: రోజూ ఒకే వేళకు గిన్నె పెట్టి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత తీసేయాలి. మళ్లీ తిండి వేళ వరకు ఏమీ పెట్టకూడదు. బిస్కట్లూ చిరుతిళ్లూ అన్నీ కలిపినా రోజు మొత్తం ఆహారశక్తిలో పదో వంతు దాటకూడదు. కుక్క నాలుక మీద రుచిమొగ్గలు సుమారు 1,700, మనకు దాదాపు 9,000. అది తిండిని ఎంచుకునేది ఎక్కువగా ముక్కుతోనే. అందుకే కొత్తది కలిపేముందు పాత తిండినే గోరువెచ్చగా చేసి పెట్టి చూడటం మంచి మొదటి మెట్టు. తిండి మారలేదు, వాసన మాత్రమే పెరిగింది. అంతమాత్రానికే తినేస్తే జవాబు దొరికినట్టే.

ఇక్కడ తప్పకుండా వచ్చే అభ్యంతరం ఒకటుంది. నోరులేని జీవాన్ని పస్తుంచడం పాపం కాదా? ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట తినకపోతే ప్రమాదమేమీ లేదు. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కుక్కపిల్లలకు, బాగా చిన్న జాతులకు, మధుమేహం ఉన్నవాటికి ఈ మాట వర్తించదు. పెద్ద కుక్కయినా ఒక రోజు గడిచిపోయి రెండో రోజుకూడా ముట్టకపోతే అది ఇక ఓపికతో చూడాల్సిన విషయం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన విషయం. ఈ హద్దులు తెలిసినవాళ్లు ఒక పూట గిన్నె తీసేస్తే అది క్రూరత్వం కాదు. పూటకో తిండి మార్చి పేగుల్ని పాడుచేయడమే కుక్కకు ఎక్కువ బాధ.

తిండి మార్చాలనే నిర్ణయం జరిగాక కూడా ఆ మార్పు వారం రోజుల పని. పాతది మూడు పాళ్లు, కొత్తది ఒక పాలు కలిపి రెండు రోజులు, తర్వాత సగం సగం, ఆపైన కొత్తది మూడు పాళ్లు, చివరికి పూర్తిగా కొత్తది. కడుపు సున్నితమైన కుక్కకు ఇదే పని రెండు వారాలు పట్టవచ్చు. ఇది చాదస్తం కాదు. పావ్లోవ్ పేరు చెప్పగానే అందరికీ గంట, లాలాజలం గుర్తొస్తాయి గానీ ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనలకు. మాంసం, రొట్టె, పాలు... ఒక్కోదానికి కుక్క కడుపులో ఊరే రసం మోతాదు, తీవ్రత వేరువేరుగా ఉంటాయని ఆయన ప్రయోగశాల చూపించింది. పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతీ అంతే, అవి కూడా తిండిని బట్టి మారతాయి. వాటికి వ్యవధి ఇవ్వకుండా ఒక్క పూటలో అంతా మార్చేసి, వచ్చిన విరేచనాలను బట్టి కొత్త తిండి చెడ్డదని తీర్పు చెప్పడం అన్యాయం. చెడ్డది తిండా, తొందరా అన్నది తేలనే లేదు.

పెరుగన్నం తిని ఏళ్ల తరబడి బతికిన కుక్కలు లేవా అని అడిగేవాళ్లుంటారు. ఉన్నాయి, అందులో శాస్త్రం కూడా ఉంది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తాలూకు జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులు ఉంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించారు. మనిషి పక్కన చేరి అన్నం తినడం కుక్క ఒంటికే అలవాటైంది. కాబట్టి అన్నం విషమని భయపెట్టే మాటలు నమ్మనక్కర్లేదు. అలాగని అన్నం, చికెన్ కలిపి పెడితే సంపూర్ణాహారం అయిపోదు. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం మరీ తక్కువ. పెరిగే పిల్లకు అదే నెలల తరబడి పెడితే ఎముకలు బలహీనపడతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు ఇంట్లో వండే కుక్క తిండి వంటకాలు 200 పరిశీలిస్తే, 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకం చాలినంత లేదని తేలింది. ఆ పరిశోధన వెలువడిందీ 2013లోనే. ఇంటి వంటకు మారేవాళ్లు ఆ లోటు భర్తీ చేసే మార్గం ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ తప్పుకి జవాబు వారంలో కనపడదు.

ఒక్కటే మార్చడమనే క్రమశిక్షణ ఎంత అవసరమో తిండి అలర్జీని పట్టుకునే పద్ధతిలో స్పష్టంగా కనిపిస్తుంది. కుక్క ఎప్పుడూ తినని ఒక మాంసం, ఒక పిండిపదార్థం మాత్రమే దాదాపు ఎనిమిది వారాలు పెడతారు. దురద తగ్గితే సరిపోదు. పాత తిండి మళ్లీ పెట్టి, దురద తిరిగి వస్తుందో లేదో చూస్తారు. తిరిగొస్తేనే రుజువు. వాతావరణం మారి తగ్గిందా, తిండి మారి తగ్గిందా అన్న సందేహం తీరేది అక్కడే. ఆ వారాల్లో ఎవరో ఒకరు ముద్దుగా పెట్టిన చిన్న బిస్కట్ ముక్క మొత్తం శ్రమను వృథా చేస్తుంది. ఇంటిల్లిపాదీ ఒక మాట మీద ఉండటం అన్నిటికన్నా కష్టమైన భాగం.

మిద్దె మీదకు వెళ్తే ఇదే సంగతి సొరపాదులో కనిపిస్తుంది. పాదు ఏపుగా పాకుతుంది, పూలు పూస్తుంది, పిందెలు మాత్రం చిటికెన వేలంత కాగానే పసుపుబారి రాలిపోతాయి. వెంటనే ఎరువు సరిపోలేదంటారు, ఇంకా వేస్తారు. నత్రజని ఎక్కువై తీగ ఇంకా ఏపుగా పెరుగుతుంది, పిందెలు రాలుతూనే ఉంటాయి. నిజానికి సొరలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. మొదట వచ్చేవన్నీ దాదాపు మగపూలే. ఆడపువ్వు అడుగున నూగుతో మెరిసే చిన్న పిందె ఉంటుంది. తెల్లటి ఆ పువ్వు సాయంత్రం విచ్చుకుని మర్నాటికి వాడిపోతుంది. ఆ కొద్ది గంటల్లో పుప్పొడి అందకపోతే పిందె నిలవదు. అయిదారు అంతస్తుల పైన, ఆ వేళకు తేనెటీగలో రెక్కల పురుగులో రావడం తక్కువ. దీన్ని పరీక్షించడానికి రూపాయి ఖర్చు లేదు. ఒక సాయంత్రం మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని రెండు ఆడపూల మధ్యభాగానికి మెల్లగా రాయండి. ఆ రెండింటి కాడలకు దారం కట్టండి. ఇంకో రెండు ఆడపూలను ముట్టుకోవద్దు. ఎరువు, నీళ్లు ఎప్పటిలాగే ఉండనివ్వండి. వారం తిరక్కుండా దారం కట్టినవి ఊరడం మొదలై, కట్టనివి రాలితే సమస్య ఎరువులో లేదని తేలిపోతుంది. బీరపువ్వు కూడా సాయంత్రమే విచ్చుకుంటుంది. గుమ్మడికి మాత్రం ఉదయమే చేయాలి.

నీళ్ల విషయంలో పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. నీళ్లు చాలక వాడిన మొక్క, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతున్న మొక్క చూడటానికి ఒకేలా తల వాలుస్తాయి. కుండీలో రెండంగుళాల లోతున వేలు పెట్టి చూడకుండా చెంబు ఎత్తకూడదు. మే నెల ఎండలో, రాత్రుళ్లు కూడా చల్లబడని రోజుల్లో టొమాటో పూత రాలితే అది ఎరువుతో ఆగేది కాదు.

మన పెద్దవాళ్లు ఇవన్నీ చూశారా, విత్తనం విసిరేస్తే మొలిచేది కదా అనే మాట వింటుంటాం. వాళ్లు విసిరింది నేలలో. నేలలో వేరు తనకు కావాల్సిన తేమను వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోగలదు. కుండీలో ఆ అవకాశం లేదు, మనం పోసినదే దానికి గతి. పైగా ఏ గింజ ఏ కార్తెలో పడాలో తరతరాలు చూసి స్థిరపరచుకున్న జ్ఞానం వాళ్లది. యూట్యూబ్‌లో ఎవరో చూపించిన మిశ్రమం మన మిద్దెకు అచ్చంగా సరిపోకపోవడానికి కారణం కూడా ఇదే: వాళ్ల ఎండ వేరు, మన ఎండ వేరు. ఆ సలహాలు పనికిరావని కాదు, వాటిని మన కుండీలో పరీక్షకు పెట్టాలి.

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి అభ్యంతరం శాస్త్రవేత్తల నుంచే వచ్చింది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన ఆర్.ఎ. ఫిషర్, ఒక్కసారి ఒక్కటే మార్చాలనే సూత్రాన్ని తప్పుబట్టాడు. ఎరువు ఫలితం నీటిని బట్టి మారుతుంది, విడివిడిగా మారిస్తే ఆ సంబంధం తెలియదన్నాడు. అన్నీ కలిపి మార్చినా లెక్క తేలే పద్ధతులు చూపించాడు. ఆయన దగ్గరే కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసిన మన సి.ఆర్. రావు, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు, 1940లలో ఆర్థోగనల్ అరేస్ అనే అమరికలను రూపొందించి, చాలా అంశాలను తక్కువ ప్రయోగాలతోనే విడదీసి చూడవచ్చని నిరూపించారు. ఇదంతా నిజమే, గర్వించాల్సినదే. అయితే ఆ పద్ధతికి ముందుగా గీసుకున్న ప్రణాళిక కావాలి, సరిపడా మళ్లు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్క కుక్క. దాన్ని ఎనిమిది మళ్లుగా విభజించలేం. ఆ గిన్నె దగ్గర ఒక్కో మార్పే దారి. కుండీలు ఎక్కువున్న మిద్దె మీద మాత్రం ఫిషర్ మాట కొంత వినవచ్చు: ఒకే రోజు ఒకే గింజల మెంతి నాలుగు కుండీల్లో చల్లి, రెండింటిలో మట్టి మిశ్రమం మార్చి, రెండింటిని పాతగానే ఉంచితే, మూడు నాలుగు వారాల్లో కోతకొచ్చే ఆ కూరే జవాబు చెబుతుంది. ఒక్కొక్కటే మారుస్తూ కూర్చుంటే సీజను అయిపోతుందనే బెంగ కూడా దీంతో తీరుతుంది. ఏది మార్చామో, ఎప్పుడు మార్చామో తేదీ వేసి రాసుకోవాలి. కుక్కకైతే బరువు, మలం గట్టిదనం కూడా రాయాలి.

చేసి చూడటానికి వీల్లేనివీ ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ కలిసిన స్వీట్లు కుక్కకు కొంచెమైనా పెట్టవద్దు. ఉడికించిన ఎముకలు పెట్టవద్దు, అవి చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. కుక్క మలాన్ని కూరగాయల కంపోస్టులో కలపవద్దు, అందులో ఏలికపాముల గుడ్లు ఉండవచ్చు. మిద్దెతోట ఉన్న ప్రతి కుక్క యజమానికి చివరిగా ఒక విన్నపం. ఎరువుగా అమ్మే ఆముదపు పిండిలో రైసిన్ అనే విషం మిగిలి ఉండే అవకాశముంది. దాని వాసన కుక్కల్ని ఆకర్షిస్తుంది, తిన్న కుక్కలు చనిపోయిన ఉదంతాలు పశువైద్య గ్రంథాల్లో ఉన్నాయి. కుక్క తిరిగే ఇంట్లో ఆముదపు పిండి వాడకండి, బాగా మాగిన పశువుల ఎరువు వేసుకోండి.