ఫుట్‌బాల్ శిక్షకురాలి వృత్తి

అబిడ్స్ నుంచి ఎల్‌బీ స్టేడియం వైపు నడిచినప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీంను తలచుకోండి. హైదరాబాద్‌కు చెందిన ఈ ఉపాధ్యాయుడి శిక్షణలోనే భారత పురుషుల జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మహిళల జట్టుకు ఒక మహిళ ప్రధాన శిక్షకురాలు కావడానికి మాత్రం 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె మేమోల్ రాకీ, మాజీ క్రీడాకారిణి. 2019లో ఆమె జట్టు నేపాల్‌ను 3-1తో ఓడించి శాఫ్ చాంపియన్‌షిప్ గెలిచింది.

మీరు ఈ వృత్తిలోకి రావాలంటే ‘డి’ లైసెన్సుతో మొదలుపెట్టి సి, బి, ఎ, ప్రో దశలు దాటాలి. కాగితం మీద తేలికే! కానీ ఇండియన్ విమెన్స్ లీగ్ ఏడాదిలో కొన్ని నెలలే నడుస్తుంది. మిగతా నెలల జీతం? చాలామంది బడిలో వ్యాయామోపాధ్యాయినిగా చేస్తూ సాయంత్రాలు మైదానానికి వెళతారు. నన్నడిగితే, తొలి లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడే ఆ ఉద్యోగం సంగతి కూడా చూసుకోండి.