ఎజైలు జట్టులును ధైర్యమను విలువయు

అమెరికా దేశమున యూటా రాష్ట్రములోని స్నోబర్డ్ అను కొండవిడిదియందు 2001వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో పదునేడుగురు సాఫ్టువేరు నిపుణులు సమావేశమై యొక చిన్న ప్రకటనపత్రమును వెలువరించిరి. "ఎజైలు" అను పేరు నాడు స్థిరపడినది. పద్ధతులకంటెను పనిముట్లకంటెను మనుష్యులకును వారి పరస్పర వ్యవహారమునకును, విస్తారమైన వ్రాతకోతలకంటె పనిచేయు సాఫ్టువేరునకును, ఒడంబడిక బేరములకంటె ఖాతాదారుతోడి సహకారమునకును, ముందు వేసికొనిన ప్రణాళికకంటె మార్పునకు దగిన నడవడికిని వారెక్కువ విలువ నిచ్చిరి. ప్రణాళికయు వ్రాతయు వలదని వారనలేదు. ఈ మాటను మనవారు తరచుగా మరచుచున్నారు.

నేడు హైదరాబాదునందును, బెంగుళూరునందును, అమెరికాయందును వేలకొలది తెలుగు యువతీయువకులు ఈ పద్ధతి ననుసరించియే పనిచేయుచున్నారు. మా పాఠకులలో పెక్కురు తమ బిడ్డల నోట "స్క్రం" అను మాటను వినియే యుందురు. రగ్బీ యాటలోని యీ పేరు, 1986లో జపాను పండితులగు టకేఉచి, నొనాకాలు ప్రకటించిన వ్యాసమునుండి ఈ రంగమునకు వచ్చినది. జట్టు దినమునకు పదునైదు నిమిషములకు మించకుండ కలిసికొనవలెను. నెల మించని గడువులలో పని పూర్తిచేసి చూపవలెను. మాటకు కట్టుబడుట, ఏకాగ్రత, దాపరికము లేమి, గౌరవము, ధైర్యము అను నైదు విలువలను 2016లో స్క్రం మార్గదర్శకమున చేర్చిరి.

వీనిలో మన కార్యాలయములకు మిక్కిలి కఱవైనది ధైర్యమని మా యభిప్రాయము. ఉదయపు కూటము జట్టువారు తమలో తాము పని సరిచూచుకొనుటకు ఏర్పడినది. అది పెక్కుచోట్ల అధికారి యెదుట లెక్క యప్పగించు తంతుగా మారినది. పని యనుకొన్నట్లు సాగుట లేదని మూడవనాడే యెఱిగిన యువకుడు "అయిపోవునండీ" యని తలయూపును. నాడే నిజము చెప్పినచో పనిలో కొంత తగ్గించియో, తోడు నొకరిని ఇచ్చియో సరిపుచ్చవచ్చును. గడువు కడపటి దినమున బయటపడినచో జట్టంతయు రాత్రులు జాగరము చేయవలసినదే. తప్పు ఆ యువకునిది మాత్రమే కాదు. పెద్దలకు ఎదురు చెప్పరాదని నేర్పిన యిల్లు మనది, బడియు మనదే.

టొయోటా కర్మాగారములలో లోపము కనిపెట్టిన యే పనివాడైనను తాడు లాగవచ్చును. పైవాడు తోడ్పాటునకు వచ్చును; లోపము వెంటనే చక్కబడనిచో వరుసయంతయు నిలిచిపోవును. తాడు లాగిన చేతిని గౌరవించు చోటనే యిట్టి యేర్పాటు నిలుచును. కెంట్ బెక్ 1999లో తన గ్రంథమున ధైర్యము మొదలగు నాలుగు విలువలను మాత్రమే చెప్పి, 2004 నాటి రెండవ కూర్పున గౌరవమును చేర్చెను. ఈ చేర్పు మాకు మిక్కిలి సమంజసముగ దోచుచున్నది.

శిక్షణలకును ధ్రువపత్రములకును మనవారు ధనము వెచ్చించుచునే యున్నారు. ప్రకటనపత్రము వ్రాసినవారిలో నొకరగు డేవ్ థామస్, ఆ పేరు అమ్మకపు సరకైనదని 2014లోనే వాపోయెను. ఒక గడువున చేపట్టదగిన పనిని ఎన్నుకొనునది, స్క్రం నియమముల ప్రకారము, ఆ పని చేయువారు. కాని రాత్రివేళ అమెరికా ఖాతాదారుతో మాటలాడునపుడు తేదీని అధికారి వాగ్దానము చేయుచున్నాడు. పనిచేయువారు మౌనముగ వినుచున్నారు. ఆ మాటలలో పనిచేయువారినే ముందుగ పలుకనిండని సంస్థల యధికారులను మేము కోరుచున్నాము.