ఎన్నికల సంతలో ఉదారవాది

ఎన్నికల ఋతువు సమీపించినపుడెల్ల మనదేశమున రెండు సందళ్లు కలిసివచ్చును. ఒకటి అభ్యర్థుల సందడి, రెండవది పత్రికల సందడి. మొదటిది సహజము. వోటు కోరువాడు వోటరు గుమ్మమునకు రాక మానడు. వచ్చునపుడు కొంత స్తుతియు, కొన్ని వాగ్దానములును, కొంత పరనిందయు వెంటగొని రాక మానడు. దానిని విని, నవ్వుకొని, నిజమెంత యని తూచుకొనుట వోటరు పని. కాని ఆ తూనికకు త్రాసు పత్రిక. త్రాసే యొకప్రక్కకు మొగ్గినచో వోటరు దేనితో తూచవలయును? ఈ ప్రశ్న అందఱిదే యైనను, ఏ పార్టీకిని కట్టుబడని ఉదారవాదిని మిక్కిలిగా బాధించుచున్నది. అతని బాధ చదువుకొన్నవాని చాదస్తమని కొందఱనవచ్చును. అది దేశక్షేమమునకు సంబంధించిన విషయమని మా యభిప్రాయము.

ఉదారవాది యెవ్వడు?

ఉదారవాది యనగా మెత్తనివాడని గాని, తటస్థుడని గాని తలంపరాదు. మనుష్యుని స్వేచ్ఛ ప్రభుత్వము దయతో నొసగినది కాదనియు, చట్టము ధనికునకును పేదకును, అధికారమునందున్నవానికిని లేనివానికిని ఒక్కటియే కావలయుననియు, ఎదుటివాని మతమును మాటయు తనకు రుచింపకపోయినను వానిని నిలుపుకొను హక్కు అతనికి గలదనియు నమ్మినవాడే ఉదారవాది. ఇట్టివాడు జెండాను చూచి వోటు వేయడు. చేసిన పనిని, చేయదలచిన పనిని చూచి వేయును. ఒకమా ఱిచ్చిన పార్టీకే మఱియొకమారు ఇయ్యకపోవచ్చును. అందుచేత ఆ పక్షమువారు ఇతనిని ఈ పక్షమువాడందురు, ఈ పక్షమువారు ఆ పక్షమువాడందురు. కులముల వారీగా పత్రికలు వేయు గణితములలో ఇతనికి గడియే లేదు.

ఇట్టి వోటరు పత్రికలనుండి కోరునది పక్షరాహిత్యము కాదు. పత్రికకు అభిప్రాయ ముండవచ్చును, ఉండవలయును గూడ. మన తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు. 1880లో విజయనగరమున జన్మించిన చిఱ్ఱావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు అలహాబాదు చేరి, 1909లో మదనమోహన మాలవీయగారి పూనికచే వెలసిన లీడరు పత్రికను చిరకాలము నడపిరి. వారు లిబరల్ పక్షమున అగ్రగణ్యులు. ఆ పత్రిక డైరెక్టర్ల సంఘమునకు మొదటి యధ్యక్షులు మోతీలాల్ నెహ్రూగారు. అభిప్రాయములు వేఱుపడినపుడు నెహ్రూగారు 1919లో ఇండిపెండెంటు అను వేఱొక పత్రికను నెలకొల్పిరి. ఇందులో దాపరికము లేదు. ఏ పత్రిక యే జెండా క్రింద నిలిచినదో చదువరికి తెలియుచుండెను. రెంటిని చదివి తన నిర్ణయము తాను చేసికొనగలిగెను. పక్షము దోషము కాదు; ముసుగే దోషము.

వెల గల వార్త

ఆ ముసుగులలో మిక్కిలి హేయమైనది వెలకు దొరకు వార్త. ప్రకటన ప్రకటనగా నచ్చొత్తినచో చదువరి దానికి తగిన విలువనే యిచ్చును. అభ్యర్థియొద్ద సొమ్ము పుచ్చుకొని వాని స్తోత్రమును విలేఖరి వ్రాసిన వార్తవలె నచ్చొత్తుట మఱియొక పని. అందు మోసము మూడువిధములు: చదువరి మోసపోవును, అభ్యర్థి ఖర్చు లెక్కలలోనికి రాక ఎన్నికల సంఘము మోసపోవును, సొమ్మియ్యలేని అభ్యర్థి పేరైనను పత్రికలో కనబడక ప్రజాస్వామ్యమే మోసపోవును.

2009 ఎన్నికలలో ఈ వ్యాపారము పెచ్చుపెరుగగా ప్రెస్ కౌన్సిలువారు పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి గారలతో నొక ఉపసంఘమును నియమించిరి. ఆ యిరువురును పేర్లతోసహా విపులమైన నివేదికను సమర్పించిరి. 2010లో కౌన్సిలు దాని సంగ్రహమును మాత్రమే వెలువరించెను. పూర్తి పాఠము వెలుగుచూచుటకు 2011లో కేంద్ర సమాచార కమిషను ఉత్తరువు కావలసివచ్చినది. లోకము దోషములను వెలిబెట్టుట తమ ధర్మమని చెప్పుకొనువారే తమ దోషపట్టికను పెట్టెలో దాచిరి! అదే సంవత్సరము అక్టోబరులో ఎన్నికల సంఘము ఉత్తరప్రదేశమున బిసౌలీ శాసనసభ్యురాలు ఉమ్లేష్ యాదవ్‌గారిని, 2007 ఎన్నికలలో ఇట్టి వార్తలకైన ఖర్చును లెక్కలలో చూపలేదను కారణమున, మూడేండ్లు అనర్హురాలినిగా ప్రకటించెను. 2015లో లా కమిషను తన 255వ నివేదికలో డబ్బుకు వార్త లచ్చొత్తుటను ఎన్నికల నేరముగా చట్టమున చేర్పవలయునని సిఫారసు చేసినది. ఆ సిఫారసుపై దుమ్ము పేరుకొనుచున్నది.

1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో వెలువడిన యొక వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెఱసాల కేగిరి. ఆనాడు పత్రికలో మాటకు మూల్యము పత్రికాసంపాదకుడు చెల్లించెను. నేడు మాటకు మూల్యము అభ్యర్థి చెల్లించుచున్నాడు. ఈ రెండు మూల్యములకు నడుమ నున్న దూరమే మన పతనమునకు కొలత.

భూమి చట్టము: ఒక నిదర్శనము

ధనము చేతులు మాఱకున్నను, పక్షావేశము మాత్రమే ఎంత కీడు చేయగలదో తెలియుటకు 2024 సంవత్సరపు ఆంధ్రప్రదేశ ఎన్నికలను చూడుడు. మే 13వ తేదీన శాసనసభకును లోక్‌సభకును ఒక్కనాడే పోలింగు జరిగినది. భూమిగల ప్రతికుటుంబమును ఆనాడు కదలించిన విషయము లాండ్ టైట్లింగ్ చట్టము. నీతి ఆయోగ్ వారి నమూనాను అనుసరించి రచింపబడిన యీ చట్టము 2023 అక్టోబరు 31 నుండి అమలులోనికి వచ్చినది. భూమిహక్కులను నమోదు చేయుటకు ఒక ప్రత్యేకాధికారి యుండును. నమోదైన హక్కుపై గడువులోపల ఆక్షేపణ రానియెడల అదియే తిరుగులేని హక్కగును. తగవు వచ్చినచో సివిలు కోర్టునకు పోరాదు. అప్పీలు వినుటకు వేఱొక అధికారి, ఆపైన హైకోర్టు. న్యాయవాదులు కోర్టులను బహిష్కరించి దీనిని నిరసించిరి.

ఇందు రెండువైపులను వాదము గలదు. ఒక సెంటు భూమికై తాతనాడు వేసిన దావా మనుమనినాటికి తెమలకుండుట మన గ్రామములలో అందఱెఱిగినదే. రిజిస్టరు దస్తావేజు క్రయమునకు సాక్ష్యమే గాని హక్కునకు పూచీ కాదు. కావున హక్కునకు ప్రభుత్వమే పూచీపడు విధానము కోరదగినదే. కాని ఆ పూచీ నిచ్చు చెయ్యి అధికారిదై, సివిలు న్యాయస్థానపు తలుపు మూయబడినచో, ఊరువిడిచి బ్రతుకుతెఱువునకై పోయిన రైతు, చదువురాని వితంతువు, విదేశమున నున్న వారసుడు గడువు దాటినపిదప ఏమి కావలయును? ఇదియు అడుగదగిన ప్రశ్నయే.

ఈ రెండు వాదములను ఒకే పుటలో ప్రక్కప్రక్కన చదువుకొనగలిగిన రైతులెందఱు? ఒక వర్గపు పత్రికను తెఱచినచో భూములన్నియు పోయినట్లే యను భయము. మఱియొక వర్గపు పత్రికను తెఱచినచో ఇక భూమికి చింతయే లేదను భరోసా. పాసుపుస్తకముపై ముఖ్యమంత్రి చిత్రమును గూర్చి జరిగినంత చర్చ అప్పీలు గడువును గూర్చి జరిగినట్లు మాకు కనబడలేదు. చట్టములోని సెక్షనులను తేటతెలుగున అచ్చొత్తి, అనుకూలు డొకనిచేతను ప్రతికూలు డొకనిచేతను వ్యాఖ్య వ్రాయించుట ఏ పత్రికకైనను ఒక్కదినపు పని. ఆ పని జరిగియున్నచో రైతు భయముతో గాక వివేకముతో వోటు వేసియుండును.

జూన్ 4న ఫలితములు వెలువడినవి. 2019లో 151 స్థానములు గెలిచిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 175లో 11 మాత్రమే దక్కినవి; తెలుగుదేశమునకు 135, జనసేనకు 21, భారతీయ జనతాపార్టీకి 8 లభించినవి. క్రొత్త శాసనసభ జూలైలో ఆ చట్టమును రద్దుచేసెను. చట్టము పోయినది, తాతనాటి దావా మాత్రము పోలేదు. భయమును పంచిన పత్రికలు గాని, భరోసాను పంచిన పత్రికలు గాని ఆ దావాకు దారి యేమని తరువాత ఎంత పట్టుదలతో నడిగినవో చదువరులే యెఱుగుదురు.

జోస్యముల జాతర

ఇక జోస్యముల సంగతి. 2004లో వాజపేయిగారి ప్రభుత్వము దేశము వెలిగిపోవుచున్నదను నినాదముతో నెన్నికలకు పోయెను. ఆ కూటమియే మరల వచ్చునని పత్రికలును టెలివిజనులును ఇంచుమించుగా ఏకకంఠమున పలికినవి. ఫలితము తేలగా కాంగ్రెసునకు 145, భారతీయ జనతాపార్టీకి 138 వచ్చినవి, ప్రభుత్వము మాఱినది. ఇరువదేండ్ల పిదప 2024 జూన్ 1వ తేదీ సాయంత్రము జోస్యులు పెక్కుమంది పాలకకూటమికి 350కి మించి స్థానము లొసగిరి. వచ్చినవి 293. నడుమ మూడవ తేదీన బొంబాయి షేర్ల సూచి సుమా రు 2,500 పాయింట్లు పెరిగి, నాల్గవ తేదీన సుమారు 4,390 పాయింట్లు పడిపోయినది. జోస్యమును నమ్మి కొన్న చిల్లరమదుపుదారుల సొమ్ము ఒక్క పగటిలో కరగిపోయినది. జోస్యము వినోదమనువారు ఆ రెండు దినములను స్మరింతురుగాక.

లెక్కకు పెద్దసంఖ్యయే చాలదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్టు పత్రిక ఇరువదిలక్షలకు పైగా చీట్లను లెక్కించి లాండన్ గెలుచునని చాటెను. రూజ్‌వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. టెలిఫోనులు, మోటారుబండ్లు గలవారి జాబితాలనుండి పేర్లెత్తుకొనుటయు, బదులు వ్రాయగోరినవారే వ్రాయుటయు ఆ పొరపాటునకు కారణములు. పేదవాని మనస్సు జాబితా కెక్కలేదు. మనదేశమున పోలింగు ముగియువఱకు బయటివోటు జోస్యములను ప్రకటింపరాదని ప్రజాప్రాతినిధ్య చట్టపు 126ఏ సెక్షను 2010 నుండి నిషేధించుచున్నది. మంచిదే. కాని నష్టము ఆ తుదిసాయంత్రమునందే లేదు. నెలల తరబడి ఎవరు ముందు, ఎవరు వెనుక యను పందెపు వార్తలచే, ఏది మంచి, ఏది చెడ్డ యను ప్రశ్న మూలకు నెట్టబడుచున్నది. కాలువ చివరిభూములకు నీరేది, బడిలో ఉపాధ్యాయుడేడి యను ప్రశ్నలకు పందెపు వార్తలలో చోటు లేదు. రాత్రి టెలివిజనులో నలుగురు కూర్చుండి కేకలువేయుచు దానిని చర్చ యనుచున్నారు. ఉదయము ఆ కేకల ముక్కలు చేతిలోని ఫోనులకు చేరి, కర్త యెవ్వడో తెలియని నిజములుగా ఊరూర తిరుగుచున్నవి.

ఉదారవాదికి రెండుమాటలు

ఐనను ఉదారవాది నిర్దోషి యని మే మనము. తనకు రుచింపని ఫలితము వచ్చినపుడు ప్రజలు మూఢులనియు, పంచిపెట్టిన సొమ్మునకు అమ్ముడుపోయిరనియు ఇతడు తొందరపడి పలుకును. ఇది ఉదారవాదము కాదు, అహంకారము. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో 17 కోట్లకు పైబడిన వోటర్లలో అధికసంఖ్యాకులు అక్షరజ్ఞానము లేనివారు. గుర్తులు చూచి, పెట్టెలలో చీట్లు వేసి, వారు ఈ రాజ్యమును నిలబెట్టిరి. 1975 జూన్ నుండి అత్యయికపరిస్థితిలో పత్రికలు సెన్సారు క్రింద నుండెను. 1977 మార్చిలో ఉత్తరదేశపు వోటరు ఇందిరాగాంధీగారి ప్రభుత్వమును తొలగించెను. ఆ యెన్నికలలోనే ఆంధ్రప్రదేశపు వోటరు 42 స్థానములలో 41 కాంగ్రెసునకే యిచ్చెను. ఇరువురిలో నెవరు సరియో వాదించుకొనవచ్చును. ఎవరికి వారు తమ యనుభవమునుబట్టి తీర్పుచెప్పిరనుట మాత్రము స్పష్టము. వోటరు పత్రిక ఆడించు తోలుబొమ్మ కాడు.

కావున నిరాశ పనికిరాదు. 2013లో సుప్రీముకోర్టు తీర్పుచే వచ్చిన నోటా మీట నొక్కి యింటికి వచ్చుట నిరసనకు గుర్తు కావచ్చును గాని అదియే కర్తవ్యమునకు ముగింపు కాజాలదు. 2002, 2003 సంవత్సరములలో సుప్రీముకోర్టు చెప్పిన తీర్పులవలన ప్రతి అభ్యర్థియు తనపైగల క్రిమినలు కేసులను, ఆస్తియప్పులను, విద్యను ప్రమాణపత్రమున చూపవలసియున్నది. ఆ పత్రము అందఱును చూడదగినది. మన గ్రామములలో దానిని చదివి వోటు వేయువా రెందఱు? 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లను కొట్టివేయుచు ఆ న్యాయస్థానమే, పార్టీలకు ధనమిచ్చువా రెవరో తెలిసికొను హక్కు వోటరునకు గలదని నిర్ణయించినది. తెలిసికొను హక్కు న్యాయస్థానము నిలిపినది. తెలిసికొను శ్రమ మాత్రము మనదే.

పత్రికాధిపతులను మేము కోరునవి మూడు. తమ యాజమాన్యమునకు ఏ పార్టీతో సంబంధము గలదో ఎన్నికల దినములలో మొదటిపుటలోనే చెప్పుదురుగాక. సొమ్ము పుచ్చుకొన్న ప్రతి పంక్తిపైనను ప్రకటన యని పెద్దయక్షరములతో వేయుదురుగాక. తప్పు పడినచో, తప్పు పడిన చోటనే, తప్పంత పెద్దదిగా సవరణ వేయుదురుగాక. చదువరులను కోరునది ఒక్కటియే: తమకు ప్రియమైన పత్రికతోపాటు అప్రియమైన దానినిగూడ దినమున కొకమారు చదువుడు. అప్రియపత్రికలో ఒక్క నిజము దొరకినను ఆ దినపు శ్రమ ఫలించినట్లే.

2024లో 64 కోట్లకు మించినవారు వోటు వేసిరి. అందు ఉదారవాదుల సంఖ్య స్వల్పమే కావచ్చును. కాని ప్రశ్న నడుగువాడు పదిమందిలో నొక్కడున్నను మిగిలిన తొమ్మండుగురును ఆ ప్రశ్నను విందురు. దొంగత్రాసును సంతలోనుండి తొలగించుటకు సంతయంతయు లేవనక్కఱలేదు; రాళ్లను ఎత్తిచూచువా డొక్కడున్న చాలును.