పచ్చ దీపం ఎన్నిసార్లు మిణికింది?

ఉధ్నాలో మరమగ్గం స్విచ్ వేయగానే బట్ట రాదు. అంతకుముందే ఎవరో పడుగు ఎక్కించి, పోగు పోగూ అతికి ఉండాలి. అక్కడి మన తెలుగు నేతన్నలను అడగండి, చెబుతారు.

అరచేతిలో పట్టే రాస్‌ప్‌బెర్రీ పై 2 కంప్యూటరూ అంతే. దీనికి స్విచ్ లేదు. కరెంటు అందగానే మొదట లేచేది ప్రధాన ప్రాసెసర్ కాదు, తెరమీద బొమ్మలు గీసే భాగం! విచిత్రమే కదా. చిప్పులో చెరగకుండా రాసిన చిన్న ప్రోగ్రాం మెమరీ కార్డులోంచి 'బూట్‌కోడ్' ఫైలును చదువుతుంది. అప్పటికి ర్యామ్ కూడా పనిచేయదు. దాన్ని లేపేది ఈ బూట్‌కోడే. తర్వాత అది 'స్టార్ట్' ఫైలును పిలుస్తుంది. ఆ ఫైలు సెట్టింగులు చూసి, లినక్స్ కెర్నల్‌ను ర్యామ్‌లో పెట్టి, అప్పుడు ప్రధాన ప్రాసెసర్‌ను నిద్రలేపుతుంది.

అందుకే తెర నల్లగా ఉంటే బోర్డు పాడైందని పారేయకండి. పచ్చ దీపాన్ని లెక్కపెట్టండి. 4 సార్లు మిణికి ఆగి, మళ్లీ 4 సార్లు మిణికితే పని స్టార్ట్ ఫైలు దగ్గర ఆగింది. 7 సార్లయితే కెర్నల్ దొరకలేదు. రెండింటిలోనూ అనుమానించాల్సింది కార్డునే. దాన్ని మళ్లీ రాసి చూడండి. ఎర్ర దీపం వెలుగుతున్నా పచ్చది అసలు మిణకకపోతే? ముందు కార్డు సరిగా కూర్చుందో లేదో చూడండి.