దవడ కీలు నొప్పి: కైరోప్రాక్టిక్ చికిత్స ఎంతవరకు?

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు మెల్లగా తెరిస్తే, చర్మం కింద ఒక చిన్న గుబ్బ ముందుకు జారడమూ, నోరు మూయగానే అది తిరిగి తన గుంటలోకి చేరడమూ వేలికి స్పష్టంగా తెలుస్తాయి. కింది దవడ ఎముక కొసన ఉండే ఆ గుబ్బ పుర్రెలోని కణత ఎముకతో కలిసే చోటే దవడ కీలు. వైద్యులు దీనిని టెంపొరోమాండిబ్యులర్ జాయింట్ అని, క్లుప్తంగా టీఎంజే అని వ్యవహరిస్తారు. తలుపు బందులా తిరగడమూ సొరుగులా జారడమూ రెండూ చేయగల ఈ కీలులో, ఎముకలు ఒరుసుకోకుండా పీచు కణజాలంతో ఏర్పడిన పలుచని బిళ్ళ ఒకటి ఉంటుంది. ఆ బిళ్ళ పక్కకు తొలగితే నోరు తెరిచినప్పుడల్లా ‘టక్’మని చప్పుడు వస్తుంది; నొప్పి గానీ పట్టేసినట్లుండడం గానీ లేనంతవరకు ఆ చప్పుడుకు సాధారణంగా చికిత్స అవసరం ఉండదు.

చాలామందిలో నొప్పికి మూలం కీలు కన్నా దానిని కదిలించే కండరాలలో ఉంటుంది. నిద్రలో పళ్ళు నూరడం, ఆందోళనలో తెలియకుండానే పళ్ళు బిగపట్టడం వల్ల బుగ్గలోని నమిలే కండరమూ కణత కండరమూ అలసి బిగుసుకుంటాయి. ముఖంలోని స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే త్రిధార నాడి, మెడ పైభాగపు నాడులు మెదడు కాండం దిగువన ఒకే చోట కలుస్తాయి కాబట్టి, మెడ పట్టేసినవారికి దవడ నొప్పి, దవడ నొప్పి ఉన్నవారికి మెడ నొప్పి తోడవడం తరచుగా కనిపిస్తుంది.

కైరోప్రాక్టిక్ వైద్యులు ఈ బాధపై దృష్టి పెట్టడానికి ఆ సంబంధం ఒక కారణం. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ ప్రారంభించిన ఈ విధానం, వెన్నుపూసలు స్థానం తప్పడమే చాలా వ్యాధులకు మూలమని మొదట్లో బోధించింది. ఆ సిద్ధాంతాన్ని ఆధునిక వైద్యశాస్త్రం ఆమోదించలేదు. అయితే కీళ్ళనూ కండరాలనూ చేతులతో సడలించే మెళకువలు మాత్రం నేటికీ వాడుకలో ఉన్నాయి. దవడ విషయంలో వైద్యుడు గ్లవుజు తొడిగిన బొటనవేలిని కింది దవడ పళ్ళపై ఉంచి దవడను కిందికీ ముందుకీ మెల్లగా లాగుతాడు, బిగుసుకున్న కండరాలను వేళ్ళతో ఒత్తి వదులు చేస్తాడు, మెడకూ దవడకూ వ్యాయామాలు నేర్పుతాడు.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవాటిలో నిపుణుల చేతిమీదుగా దవడను కదిలించడం, కండరాల్లోని నొప్పి బిందువులను ఒత్తడం, దగ్గరుండి చేయించే వ్యాయామాలు, ఆలోచనా ధోరణిని సరిదిద్దే మానసిక చికిత్స ఉన్నాయి. ఫలితం చికిత్స స్వభావాన్ని బట్టి వస్తుంది గనుక, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు వద్ద కూడా ఇదే మేలు పొందవచ్చు. వెనక్కి తీసుకోలేని చికిత్సల విషయంలో చరిత్ర చేసిన హెచ్చరిక కూడా ఉంది: 1980 దశకంలో అమెరికాలో ఎందరికో దవడ కీలులో అమర్చిన టెఫ్లాన్ ఇంప్లాంట్లు ముక్కలై చుట్టూ ఉన్న ఎముకను దెబ్బతీయడంతో వాటిని మార్కెట్ నుంచి ఉపసంహరించవలసి వచ్చింది. మృదువైన చికిత్సలనే ముందుగా ప్రయత్నించాలనడానికి కారణం ఇదే.

ఈ చికిత్సలో తప్పనిసరిగా పాటించవలసిన జాగ్రత్తలున్నాయి. మెడను ఒక్కసారిగా విసురుగా తిప్పే పద్ధతి వల్ల, అరుదుగానైనా, మెడ ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. దవడ నొప్పి తగ్గడానికి అంత విసురు అవసరం లేదు. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేక చట్టబద్ధ నమోదు వ్యవస్థ లేదు కనుక, చికిత్స చేసే వ్యక్తి అర్హతలను విచారించుకోవడం రోగి హక్కు, బాధ్యత కూడా. వక్క, గుట్కా నమిలే అలవాటున్నవారికి నోరు క్రమంగా తెరుచుకోకపోతే అది బుగ్గల లోపలి పొర గట్టిపడే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చు. క్యాన్సర్‌కు దారితీయగల ఆ వ్యాధి దవడను సవరిస్తే నయం కాదు. శ్రమ చేసినప్పుడు దవడలో నొప్పి మొదలై చెమటలు పట్టడం, ఆయాసం రావడం గుండెపోటు సంకేతాలు కావచ్చు కాబట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. యాభై దాటినవారిలో నమిలేటప్పుడు దవడ నొప్పితో పాటు కొత్తగా కణత నొప్పి వస్తే, చూపు దెబ్బతినే ప్రమాదమున్న రక్తనాళాల వాపు కావచ్చునని అనుమానించాలి.

ఇక రోగి చేతిలో ఉన్న చికిత్స అన్నిటికన్నా సులువైనది. ‘న’ అనే అక్షరం పలికేటప్పుడు నాలుక కొస పై పళ్ళ వెనుక ఎక్కడ ఆనుతుందో అక్కడే నాలుకను ఉంచి, పెదవులు మూసి, పై పళ్ళు కింది పళ్ళు తాకకుండా వదులుగా ఉంచడం దవడకు సహజమైన విశ్రాంతి స్థితి. నొప్పి ఉన్న కొద్ది వారాలు చెరకు, జంతికలు వంటి గట్టి పదార్థాలు మాని, వెడల్పుగా ఆవులించకుండా గడ్డం కింద చేయి ఆన్చి, రోజుకు రెండు మూడుసార్లు వేడి కాపడం పెట్టుకుంటే చాలామందికి ఉపశమనం లభిస్తుంది. ఈ జాగ్రత్తలతోనూ తగ్గని నొప్పికి ముందు దంతవైద్యుడి పరీక్ష, తరువాతే చేతి చికిత్స అన్న వరుసను పాటించడం అన్ని విధాలా శ్రేయస్కరం.